టీకా వేసిన వారమునకు చేయి ఎఱ్ఱబారినచో

సూరతు నగరమున తెలుగు మాట వినబడని దినము లేదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి మగ్గముల పని వెదకికొనుచు వచ్చిన కుటుంబము లెన్నియో దశాబ్దములుగా అచ్చట స్థిరపడియున్నవి. ఆ నగరమందలి నవాగామ్‌లో ఒక తెలుగు ఇల్లాలు ఉన్నదనుకొందము. ఆమె కుమార్తె అమెరికాలో కాపురముండెను. 2021వ సంవత్సరమున ఆ కుమార్తెకు మోడెర్నా వారి కోవిడ్ టీకా మొదటి మోతాదు వేసిరి. నాడు చేయి కొంత నొచ్చి, రెండు దినములలో నెమ్మదించినది. ఎనిమిదవ నాడు సూది గ్రుచ్చిన చోటనే అరచేయి వెడల్పున ఎఱ్ఱని వాపు, వేడిమి, దురద కనిపించెను. తల్లికి టెలిఫోను చేయగా, "మందు వికటించింది బిడ్డా! రెండో సూది వేయించుకోకు" అని ఆమె కంగారుపడెను.

ఈ కథ కల్పితమే కాని, ఇట్టి వాపు కల్పితము కాదు. తల్లి మాట ప్రేమతో పలికినదే. కాని సరియైనది కాదు. ఎందుచేతనో చూతము.

మోడెర్నా టీకాను 30,000 మందికి పైగా జనులపై పరీక్షించినపుడు, మొదటి మోతాదు పొందినవారిలో నూటికి ఒకరికన్న తక్కువమందికి, అనగా 0.8 శాతమునకు, ఎనిమిదవ దినమునగాని ఆ పిమ్మటగాని ఇట్టి వాపు కలిగెను. రెండవ మోతాదు తరువాత ఇది 0.2 శాతమే. సాధారణముగా నాలుగైదు దినములలో అదియే అణగిపోయెను. 2021 మార్చిలో అమెరికాలోని బోస్టను నగర వైద్యులు ఇట్టి పన్నెండుమంది వృత్తాంతమును ప్రకటించిరి. ఆ పన్నెండుమందియు రెండవ మోతాదు తీసికొనిరి. వారిలో సగముమందికి వాపు మరల రాలేదు. ముగ్గురికి మునుపటివలెనే వచ్చెను. ముగ్గురికి మునుపటికన్న స్వల్పముగా వచ్చెను.

దీనికి కారణమేమి? ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మన కణములకు ఒక సూచనను అందించును. ఆ సూచన ననుసరించి కణములు వైరసునకు చెందిన ఒక మాంసకృత్తును కొలది కాలము తయారుచేయును. దానిని శత్రువుగా గుర్తించి శరీరము రక్షణకు సిద్ధపడును. తరువాత ఆ సూచన శిథిలమై పోవును. ఆలస్యముగా వచ్చు ఈ వాపు రక్తమందలి టీ కణములు ఆ చోట చేరుటవలన కలుగునని చర్మపరీక్షవలన తోచుచున్నది. క్షయ పరీక్షకై చేతికి సూది వేసిన రెండు మూడు దినములకు గట్టిపడు చోటును అనేకులు చూచియుందురు. ఇదియు ఆ జాతిదే. ఇది క్రిములవలన పుట్టిన చీముగడ్డ కాదు.

కావున చేయవలసినది స్వల్పము. చల్లని నీట తడిపిన శుభ్రమైన గుడ్డను ఆ చోట వేయవలెను. గోకరాదు, రుద్దరాదు, సున్నము, పసరు మొదలగునవి పట్టించరాదు. దురద మిక్కుటముగా నున్నచో వైద్యుని సలహాపై మాత్ర తీసికొనవలెను. మందుల దుకాణమునుండి యాంటీబయాటిక్ మాత్రలు తమంత తాము కొని మ్రింగరాదు. బోస్టను రోగులలో ఒకరికి క్రిములు సోకినవని పొరపడి అట్టి మందు నిచ్చిరి. తరువాతి మోతాదును రెండవ చేతికి వేయించుకొనుట మేలు.

అయినను కొన్ని లక్షణములను ఉపేక్షింపరాదు. టీకా వేసిన కొలది నిమిషములలోగాని, గంటలలోగాని ఒడలంతయు దద్దురులు, పెదవుల వాపు, ఊపిరాడకపోవుట కలిగినచో అది వేఱొక జాతి ప్రమాదము. తత్క్షణమే 108కి ఫోను చేయవలెను. టీకా వేసినచోట అరగంట కూర్చుండబెట్టుట ఇందుకొరకే. అట్లు జరిగినవారు వైద్యుని అడుగక మరొక మోతాదు తీసికొనరాదు. వాపు నానాటికి పెరుగుచు, చీము పట్టి, చలిజ్వరము వచ్చినచో వైద్యునికి చూపవలెను. కొలది దినములలో ఛాతీనొప్పిగాని ఆయాసముగాని కలిగినచో అదియు వెంటనే చూపదగినదే.

మన దేశమున 2021 జనవరి 16న ప్రారంభమైన టీకాల కార్యక్రమములో ప్రధానముగా వేసినవి కోవిషీల్డ్, కోవాక్సిన్. ఇవి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కావు. కాని 2022 జూన్‌లో పూనాలోని జెన్నోవా వారి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు అనుమతి లభించినది. ఈ విధానమున మరికొన్ని వ్యాధులకును టీకాలు సిద్ధమగుచున్నవి. నేడు దూరదేశపు బిడ్డకు జరిగినది రేపు మన యింటను జరుగవచ్చును. అపుడు దాచుకొనక, సమీప ఆరోగ్య కేంద్రమునకుగాని ఆశా కార్యకర్తకుగాని తెలుపవలెను. ఒకరు తెలిపిన వివరము వేఱొకరికి రక్షణ యగును.

తల్లి బిడ్డకు చెప్పదగిన మాట ఇది: "భయపడకు బిడ్డా. డాక్టరుకు ఒకసారి చూపించు. నాలుగు రోజుల్లో తగ్గుతుంది. రెండో సూది మానకు."