అభిమానిని చూసి నవ్వడం, అభిమానితో కలిసి నవ్వడం

మీరు భిలాయి సెక్టర్ 6లో ఉంటున్నారనుకోండి. పక్క క్వార్టరులోని కుర్రవాడు ‘ఆదిత్య 369’ సినిమాను ఇరవైసార్లు చూశాడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ఆ చిత్రంలో కాలయంత్రం ఎక్కినవారు శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ వెళతారు. అది చూసినప్పటి నుంచి ఈ కుర్రవాడికి తుప్పుపట్టిన ఇనుపపెట్టె కనిపించినా కాలయంత్రమే. ఇంట్లోవాళ్లు తిడతారు. వీధిలోవాళ్లు నవ్వుతారు. అతడి గురించి మీరొక హాస్యకథ రాయాలి. ఎవరి పక్షాన నిలబడి రాస్తారు?

ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్న అమెరికన్ సినిమా ఒకటుంది. పేరు ‘ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ (1998). పెద్ద స్టూడియోల అండ లేకుండా తీసిన ఇటువంటి వాటిని స్వతంత్ర చిత్రాలు అంటారు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ‘స్టార్ ట్రెక్’ గురించి తెలియాలి.

ఇది అంతరిక్ష నౌక ప్రయాణాలను చూపే టెలివిజన్ సీరియల్. 1966 నుంచి 1969 వరకు 79 భాగాలు వచ్చాయి. రెండో ఏడాదితో ఆపేస్తారన్న మాట వినగానే అభిమానులు ఉత్తరాలు గుప్పించారు. మూడో ఏడాదీ నడిచింది. అందులోని నౌక పేరు ఎంటర్‌ప్రైజ్. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు ఆ పేరు పెట్టడానికి కారణమూ అభిమానుల ఉత్తరాలే. (పాపం, ఆ షటిల్‌ను పరీక్షలకే వాడారు. అంతరిక్షానికి పంపలేదు.) కటౌట్లకు పాలాభిషేకాలు చూసిన మనకు ఇది వింతేమీ కాదు. పైగా ఉత్తరాలు పాలకన్నా చవక!

ఇక సినిమా పేరు చూడండి. ఆ ఇంగ్లీషు మాటకు ‘స్వేచ్ఛా వ్యాపారం’ అని అర్థం. నౌక పేరూ అందులోనే దాగి ఉంది. దీన్నే మనం శ్లేష అంటాం.

కథలో మార్క్, రాబర్ట్ మిత్రులు. మార్క్‌కు ముప్ఫై ఏళ్లు నిండబోతున్నాయని బెంగ. రాబర్ట్‌కు డబ్బు విషయంలో బాధ్యత లేదు. వారి ఆరాధ్యుడు స్టార్ ట్రెక్ నాయక నటుడు విలియం షాట్నర్. ఒకనాడు ఆయనే ఎదురవుతాడు. షాట్నర్ పాత్రను షాట్నరే ధరించాడు. తీరా చూస్తే ఆ మహావీరుడు వీరికన్నా అయోమయంలో ఉన్నాడు. షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ను సంగీత రూపకంగా తానొక్కడే ఆడాలని ఆయన పట్టుదల! 

దర్శకుడు రాబర్ట్ మేయర్ బర్నెట్, ఆయనతో కలిసి రాసిన మార్క్ ఆల్ట్‌మన్ ఇద్దరూ స్టార్ ట్రెక్ అభిమానులే. నాయకుల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు తెలిసిపోయింది కదా! వారు తమ పిచ్చిని దాచలేదు, దానికి క్షమాపణా చెప్పుకోలేదు. బయటివాడు ఇదే కథ రాస్తే ఎగతాళి అయ్యేది. షాట్నర్ కూడా తన మీద తానే నవ్వుకోవడానికి ఒప్పుకున్నాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మీరు చేయండి: పైన చెప్పిన కుర్రవాడి గురించి పది వాక్యాలు వీధివాళ్ల మాటల్లో రాయండి. తరువాత అతడి స్నేహితుడి మాటల్లో మరో పది రాయండి. రెండిటిలో ఏది అతడికి చదివి వినిపించగలరో చూసుకోండి.