లెక్కయా, కంఠపాఠమా?

ఉన్నత పాఠశాలలలోని బాలబాలికలకు గణితమన్న భీతి మెండుగా నున్నదని తల్లిదండ్రులు మొఱపెట్టుట మేము తఱచుగా వినుచున్నాము. పిల్లలకు శ్రద్ధ లేదని యుపాధ్యాయులందురు. ఉపాధ్యాయులకు నేర్పు లేదని తల్లిదండ్రులందురు. మా యభిప్రాయమున దోషము బోధనాక్రమమునందే యెక్కువగా నున్నది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ముందుగా సూత్రమును వ్రాయును. పిదప మాదిరి లెక్క నొకదానిని చేసి చూపును. ఆపై నంకెలు మాత్రము మార్చిన యిరువది లెక్కలను విద్యార్థి చేయవలెను. ఇందు వాని యాలోచనకు దావేది? ప్రశ్న యొక్కింత మాఱురూపమున వచ్చినంతనే "ఇది మాకు చెప్పలేదండీ" యనును. వాని మాట నిజమే.

ఒక యుదాహరణమును గైకొందము. 100 గజముల త్రాడున్నది. దానితో చుట్టదగిన దీర్ఘచతురస్రపు మళ్లలో నన్నిటికంటె పెద్దది యేది? ఈ ప్రశ్నను తరగతి ముందుంచి యుపాధ్యాయు డూరకుండవలెను. ఊరకుండుటయే యిచ్చట కష్టమైన పని! ఒకడు 40 గజముల పొడవును, 10 గజముల వెడల్పును గైకొని 400 చదరపు గజములు తెచ్చును. వేఱొకతె 30, 20 గైకొని 600 తెచ్చును. ఎవరో యొకరు 25 చొప్పున వేసి 625 అందురు. దీనిని మించినది లేదని యెట్లు నమ్ముట? అప్పుడు గదా బీజగణిత మక్కఱకు వచ్చుట! ఒక భుజము 25 కంటె నెంత పెరుగునో రెండవది యంత తఱుగును. విస్తీర్ణము 625 నుండి యా పెరుగుదలయొక్క వర్గమంత తగ్గును. 40కి పెరుగుదల 15, దాని వర్గము 225, మిగిలినది 400. సూత్రము పిల్లలకు తమ సొత్తైనది. మడి కొకవైపున కాలువ యుండి, త్రాడు మూడు ప్రక్కలకే చాలునన్నచో? సమచతురస్రమే యని తొందరపడినవా డిచ్చట నోడును. కాలువ వెంబడి 50, లోపలికి 25 గైకొన్నవానికి 1250 దక్కును.

జార్జి పోల్యా యను హంగేరీ దేశజుడు 1945లో ప్రకటించిన గ్రంథమున లెక్క సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: ప్రశ్నను గ్రహించుట, ఉపాయ మాలోచించుట, దాని నమలుజరుపుట, వెనుదిరిగి పరిశీలించుట. మన తరగతులలో మూడవది మాత్రమే సాగుచున్నది.

రసవత్తరమైన ప్రశ్న మనకు క్రొత్త కాదు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు తేనెటీగలను, తామరలను లెక్కలలోనికి దెచ్చెను. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును పదునొకండవ శతాబ్దముననే తెనుగు పద్యములలో కూర్చెను. పూర్వుల ఘనతను స్మరించినంతనే పిల్లవానికి లెక్క రాదనుట వేఱు మాట. పిల్లల యాలోచనను గణితాత్మక మొనర్చుటయే ముఖ్యోద్దేశమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికయు జెప్పినది. బహుమానమును, బెత్తమును బుట్టింపలేని యాసక్తిని తానై సాధించిన యొక్క లెక్క పుట్టించును.

కావున వారమున కొక పీరియడును, మార్కుల ప్రసక్తి లేక, ఒకే లెక్కకు విడువవలెనని మేము కోరుచున్నాము. పాఠ్యభాగము పూర్తికాదని ప్రధానోపాధ్యాయు లాక్షేపింతురు. ఇరువది లెక్కలలో పదునైదు ఒకే యచ్చున పోసినవే గనుక, వానిలో గొన్నిటిని మానిన నా వేళ దొరకును.