ఓడిన గుర్రం ధర

మహాలక్ష్మి రేసుకోర్సు మన మిల్లుల భోంగా వినపడే దూరంలోనే ఉండేది. పగారు రోజు నిండు జేబుతో పోయి, బస్సు పైసలు కూడా లేక నడుచుకుంటూ ఇల్లు చేరినవాళ్లు మన చాళ్లలో ఎందరో. వాళ్లకు గుర్రం గెలిచిందా ఓడిందా, అంతే లెక్క. ఓడితే చీటీ చింపి పారేసి నాలుగు తిట్లు తిడతారు. గుర్రం యజమాని లెక్క వేరే. మా చాలులో ఉండే ఒక సాయీసు ఆ సంగతులు చెప్పేవాడు. రిటైరయ్యాక మా మనవడితో ఫోనులో చదివించుకుని ఇంకొంత తెలుసుకున్నాను.

ఊళ్లో ఎదకొచ్చిన బర్రెను మంచి దున్నపోతు దగ్గరికి తోలుకపోయి, ఆసామి చేతిలో ఎంతో కొంత పెట్టేవాళ్లం కదా. పెద్ద రేసు గుర్రానికి అసలు సంపాదన అదే. పందెం డబ్బు దాని ముందు చిల్లర. బర్రెలకైతే ఇప్పుడు సూదితో కానిస్తున్నారు. రేసు గుర్రాల్లో సూది చెల్లదు, గుర్రమే దాటాలి. అట్లా పుట్టిన పిల్లకే రేసులో పేరు రాస్తారు. అందుకే మంచి గుర్రానికి అంత గిరాకీ.

అమెరికాలో సెక్రటేరియట్ అనే గుర్రం ఉండేది. రెండేళ్ల వయసులోనే, 1972లో, దేశంలో మేటి గుర్రం అనిపించుకుంది. 1973 జనవరిలో యజమాని పోయాడు. ఆస్తి మీద పన్ను కట్టాలి. కూతురు పెన్నీ చెనరీ ఆ గుర్రాన్ని 32 వాటాలు చేసి అమ్మింది, వాటా 1,90,000 డాలర్లు. మొత్తం 60 లక్షల 80 వేల డాలర్లు, అప్పటిదాకా ఏ గుర్రానికీ అంత పలకలేదు. షరతు ఏమిటంటే, ఆ ఏడాది చివర పందాలు ఆపి విత్తనానికి వదలాలి.

ఏప్రిల్‌లో వుడ్ మెమోరియల్ పందెంలో అది మూడో స్థానంలో వచ్చింది. వాటా కొన్నవాళ్ల గుండెలు జారినాయి. పై పెదవి లోపల కురుపు లేచిందని తర్వాత తెలిసింది. రెండు వారాలకు కెంటకీ డెర్బీ గెలిచింది, దాని తర్వాత ప్రీక్‌నెస్. జూన్‌లో బెల్మాంట్ పందెంలో రెండో గుర్రానికీ దీనికీ మధ్య 31 గుర్రాలు వరుసగా పట్టేంత దూరం! ఇక దీనికి ఓటమి లేదనుకున్నారు. ఆగస్టులో ఆనియన్ చేతిలో ఓడింది. ఆనియన్ అంటే ఉల్లిగడ్డే, పేరు నేను కల్పించలేదు. సెప్టెంబరులో ప్రూవ్ అవుట్ అనే ఇంకో గుర్రం కొట్టింది. ఆ రెండిటికీ తర్ఫీదు ఇచ్చినవాడు ఒక్కడే.

అయినా ధర ఒక్క డాలరు దిగలేదు. కాగితం ముందే రాసుకున్నారు కదా. సీజను మధ్యలో బేరం పెట్టి ఉంటే ఎంత కోసేవాళ్లో! మన బదిలీవాళ్లకు అట్లాంటి కాగితం ఎవరు రాసిచ్చారు? కానీ ఆ కాగితమే దాని కాళ్లు కట్టేసింది. అక్టోబరులో కెనడాలో చివరి పందెం గెలిచి, మంచి వయసులో ఆగిపోయింది. మొత్తం 21 పందాల్లో 16 గెలిచి సంపాదించింది 13 లక్షల డాలర్ల పైచిలుకు. వాటాల డబ్బు దానికి నాలుగు రెట్లకు మించి.

యజమానులకు ఓటమి అంటే అందుకే భయం. పేరు రాగానే మైదానం మీంచి తప్పిస్తారు. విత్తులు కొట్టించిన గుర్రానికి ఆ బాధ లేదు. జాన్ హెన్రీ అట్లాంటిదే, 1984లో తొమ్మిదేళ్ల వయసులో కూడా అమెరికాలో మేటి గుర్రం అనిపించుకుంది.

సెక్రటేరియట్ పిల్లలు తండ్రి అంత కాలేదని జనం పెదవి విరిచారు. అయినా దాని కూతురు లేడీస్ సీక్రెట్ 1986లో దేశంలో మేటి అయింది. కూతుళ్ల కడుపున పుట్టిన స్టార్మ్ క్యాట్, ఏ.పీ. ఇండీ విత్తనానికి పెద్ద పేరు తెచ్చుకున్నాయి. పందెంలో ఓడినా పిల్లలు నిలబెడతారు. పిల్లలు కూడా గెలవకపోతేనే అసలు గండం.

ఫెర్డినాండ్ అని ఒక గుర్రం. 1986లో కెంటకీ డెర్బీ గెలిచింది, 1987లో మేటి అయింది. మరుసటి ఏడు అలీషీబా అనే గుర్రం చేతిలో మళ్లీ మళ్లీ ఓడింది. దాన్ని విత్తనానికి పెట్టారు, పిల్లలు గెలవలేదు. 1994లో జపానుకు అమ్మేశారు. అక్కడా ఆడగుర్రాలు రావడం తగ్గింది. చేతులు మారి, 2002లో కబేళాకు పోయింది. సంగతి మరుసటి ఏడు గానీ బయటికి రాలేదు. ఇది విన్న రోజు మా ఆవిడ అన్నం సగంలో లేచింది. డెర్బీ గెలిచిన గుర్రానికి గడ్డి వేసే దిక్కు లేకపోయిందా అంది.

ఆ తర్వాత కొందరు అమ్మేటప్పుడే, పనికి రాని రోజు మాకే తిరిగి ఇవ్వాలని కాగితంలో రాయించుకోవడం మొదలుపెట్టారు. కెంటకీలో ఓల్డ్ ఫ్రెండ్స్ అని ముసలి గుర్రాలకు ఒక చోటు ఉంది, పత్రికలో పనిచేసిన మైకేల్ బ్లోవెన్ పెట్టాడు. 1997లో డెర్బీ గెలిచి జపానుకు పోయిన సిల్వర్ చార్మ్‌ను 2014లో అక్కడికి తెచ్చారు. అక్కడ దాటే పని లేదు, పరిగెత్తే పని లేదు. జనం వచ్చి చూసిపోతారు.