నానో అంటే ఏమిటి? సీసా కొనే ముందు చూసుకోవలసిన లెక్క

"అర లీటరు నానో యూరియా సీసా ఒక బస్తాతో సమానమట కదా సార్, బస్తా మానేయవచ్చా?" అని చాలామంది రైతులు అడుగుతున్నారు. జవాబు తెలియాలంటే ముందు నానో అనే మాటకు అర్థం తెలియాలి.

నానో అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. మూలార్థం మరుగుజ్జు. శాస్త్రంలో ఇది ఒక కొలత. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల సైజులో ఉండే కణాలను నానో కణాలంటారు. నానో యూరియాలో కణాలు 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటాయని తయారీదారులు చెబుతున్నారు. ఇంత చిన్న కణాలు ఆకుపై ఉండే పత్రరంధ్రాల గుండా లోపలికి వెళ్తాయి. అందుకే దీన్ని నేలలో వేయకుండా ఆకులపై పిచికారీ చేస్తారు.

జింకు, బోరాన్ వంటి సూక్ష్మపోషకాలు వేరు. అక్కడ సూక్ష్మం అంటే కణం చిన్నదని కాదు, పైరుకు కొద్ది మోతాదులో చాలునని అర్థం.

ఇక అసలు లెక్క. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అర లీటరు నానో యూరియా సీసాలో 4 శాతమైతే 20 గ్రాములు, 20 శాతమైతే 100 గ్రాములు మాత్రమే. కణం చిన్నదైతే ఆకులోకి తేలికగా వెళ్లవచ్చు గానీ, లేని నత్రజని రాదు. కాబట్టి బస్తా మొత్తం మానేసి సీసాపైనే ఆధారపడితే పైరు పాలిపోయి, దిగుబడి తగ్గే ప్రమాదం ఉంది.

పాటించవలసినవి:

- దుక్కిలోనూ, మొదటి పైపాటుగానూ వేసే నత్రజనిని తగ్గించవద్దు. భూసార పరీక్ష ప్రకారం వేయండి.
- వాడదలిస్తే లీటరు నీటికి 2 నుంచి 4 మి.లీ. కలిపి, ఆకులు బాగా పరచుకున్నాక ఉదయం లేదా సాయంత్రం పిచికారీ చేయండి. 12 గంటల్లోపు వర్షం పడితే మళ్లీ చేయాలి.
- మొదటిసారి కొద్ది మడిలోనే వాడి, పక్క మడితో పోల్చి చూడండి.
- సీసాపై నత్రజని శాతం, గడువు తేదీ చూసి, బిల్లు తీసుకోండి.
- సీసా కొంటేనే బస్తా ఇస్తామని ముడిపెడితే మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయండి.