మీకు తెలుసా? ఐడిల్ స్క్రూని ఆఖర్న ముట్టుకోవాలి

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 న్యూట్రల్‌లో కూడా హోరెత్తుతుంటే చాలామంది నేరుగా ఐడిల్ స్క్రూ తిప్పేస్తారు. దానికి ముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి.

వేడెక్కిన ఇంజిన్ సుమారు 800 నుంచి 1000 ఆర్‌పీఎం మధ్య నిలకడగా తిరగాలి. చల్లగా ఉండి చోక్ లాగినప్పుడు జోరు ఎక్కువే ఉంటుంది, అది మామూలే. వేడెక్కాకా తగ్గకపోతే చోక్ నాబ్ పూర్తిగా లోపలికి వెళ్ళిందా, యాక్సిలరేటర్ కేబుల్‌కి కాస్త వదులుందా చూడండి. కేబుల్ బిగిసిపోతే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు.

అవి బాగుంటే ఎక్కడో దొంగగాలి దూరుతుండొచ్చు. వాక్యూమ్ పైపు కొస దగ్గర సన్నటి పగులు, లేదా కార్బురేటర్ కింద ఎండిపోయిన గ్యాస్కెట్ చాలు. అనుమానమున్న చోట సన్నగా నీళ్ళు స్ప్రే చేయండి, డిస్ట్రిబ్యూటర్ మీద పడకుండా. ఇంజిన్ శబ్దం క్షణం మారితే లీకు అక్కడే. పెట్రోలు చల్లి చూసే ఘనులూ ఉన్నారు! వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటమే.

లీకు మూశాకే స్క్రూ సంగతి. ఎయిర్ ఫిల్టర్ బిగించి, ఏసీ, లైట్లు ఆపి, పావు చుట్టు చొప్పున విప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ కుదుటపడేదాకా ఆగాలి.