గ్రాఫిక్స్ డ్రైవర్

గోదావరిఖని భూగర్భ గనులలో పై అధికారుల ఆదేశాల మేరకు కార్మికులచేత పని చేయించే బాధ్యత మైనింగ్ సర్దార్‌ది. లాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ నడుమ అటువంటి బాధ్యతను నిర్వహించే సాఫ్ట్‌వేరే గ్రాఫిక్స్ డ్రైవర్.

అది చెడితే తెర మినుకుమినుకుమనవచ్చు, బొమ్మలు చెదరవచ్చు. అంతమాత్రాన లాప్‌టాప్ పాడైందని నిర్ణయించరాదు. ముందుగా బయోస్ తెరను పరిశీలించాలి. అక్కడ కూడా దోషం కనిపిస్తే అది సాధారణంగా హార్డ్‌వేర్ లోపం. అక్కడ తెర బాగుండి, విండోస్‌లో మాత్రమే చెదిరితే డ్రైవర్‌ను అనుమానించాలి.

కొత్త డ్రైవర్ చేరిన తరువాతనే దోషం మొదలైతే, డివైస్ మేనేజర్‌లోని 'రోల్ బ్యాక్' ద్వారా పాతదానిని పునరుద్ధరించవచ్చు. ఫలితం లేకుంటే, తయారీ సంస్థ వెబ్‌సైటు నుండి ఆ మోడల్‌కు తగిన డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకొని, ఉన్నదానిని తొలగించి, దానిని ఇన్‌స్టాల్ చేసి, లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి.

లోపమెక్కడో తెలుసుకొన్న తరువాతనే మరమ్మతుకు డబ్బు వెచ్చించడం వివేకం.