ఇండియాలో మూడింట రెండొంతులంత ప్రాంతం.. 2021 లెక్కల్లో జనం 37 వేల లోపే! నునావుట్‌లో ఎలా బతుకుతున్నారు?

పాత జీహెచ్‌ఎంసీ పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అందులో మొత్తం 11 మందే ఉన్నారనుకోండి. సిగ్నల్ దగ్గర ఆగే పనే ఉండదు! కెనడాలోని నునావుట్‌లో జనం అంత పలచగా ఉంటారు. విస్తీర్ణం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లు.. అంటే ఏపీ, తెలంగాణ రెండూ కలిపినా దానికి ఏడున్నర రెట్లు. 2021 జనాభా లెక్కల్లో తేలింది మాత్రం 36,858 మందే.

కెనడా మ్యాప్‌లో పైన ముక్కలు ముక్కలుగా కనిపించే మంచు దీవుల్లో ఎక్కువ భాగం ఇదే. 1999 ఏప్రిల్ 1న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ నుంచి విడిపోయింది. ఇక్కడ నూటికి 85 మంది వరకు ఇన్యూట్ ప్రజలే. వాళ్ల ఇనుక్టిటుట్ భాషలో నునావుట్ అంటే ‘మన నేల’. కానీ విడిపోయాక కూడా ప్రభుత్వ భూములు, ఖనిజాల మీద పెత్తనం ఒట్టావాదే. దాన్ని 2027 ఏప్రిల్ 1 కల్లా నునావుట్‌కు అప్పగించాలని 2024 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఇంత ప్రాంతానికీ కెనడా పార్లమెంటులో ఉన్నది ఒక్క ఎంపీ సీటు!

మొత్తం ఊళ్లు 25. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. విమానమే బస్సు. సముద్రం మీద మంచు కరిగే ఆ కొద్ది నెలల్లో ఓడలొస్తాయి. ఏడాదికి సరిపడా డీజిల్, సిమెంటు, సరుకులు అప్పుడే దించుకోవాలి. కరెంటు కూడా డీజిల్ జనరేటర్లతోనే, ఏ ఊరి ప్లాంటు ఆ ఊరిదే. తాజా కూరగాయలు, పాలు విమానంలో రావాలి కాబట్టి రేట్లు మండిపోతుంటాయి. పెద్ద ఆస్పత్రి రాజధాని ఇకాలుయిట్‌లో ఉంది. చాలా ఊళ్లలో గర్భిణులు కాన్పుకు కొన్ని వారాల ముందే ఇల్లు వదిలి విమానం ఎక్కుతారు.

మరి ఇంత కష్టమైన చోట, అందులోనూ ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, ఊళ్లెందుకు ఉన్నాయి? గ్రీస్ ఫియోర్డ్ సంగతి వింటే అర్థమవుతుంది. అక్కడ ఉండేది 144 మంది. చలికాలంలో మూడు నెలలకు పైగా సూర్యుడు కనిపించడు. ఈ ఊరు దానంతటది పుట్టలేదు. 1953లో క్యూబెక్ ఉత్తర ప్రాంతంలోని ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను ప్రభుత్వం ఓడెక్కించింది. వేట బాగా దొరుకుతుందని, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామని చెప్పింది. దాదాపు 2 వేల కిలోమీటర్లు ప్రయాణించాక చూస్తే.. తెలియని నేల, అలవాటు లేని చీకటి. పైగా బంధువులను విడదీసి కొందరిని ఇక్కడ, ఇంకొందరిని రెజల్యూట్‌లో దించారు. వెనక్కి తెస్తామన్న మాట గాల్లో కలిసిపోయింది.

ఆ ఖాళీ దీవులు తమవేనని చూపించుకోవడం కూడా ఇందులో ఒక కారణమని 1994లో రాయల్ కమిషన్ తేల్చింది. ఒక రకంగా జెండా పాతే బదులు మనుషుల్ని పాతారన్నమాట! 1996లో కోటి కెనడా డాలర్ల పరిహారం ఇచ్చారు. క్షమాపణ చెప్పడానికి మాత్రం 2010 దాకా పట్టింది.

అదే ఏడాది రెండు ఊళ్లలోనూ రాతి విగ్రహాలు పెట్టారు. గ్రీస్ ఫియోర్డ్‌లో పిల్లాడితో ఉన్న తల్లి రెజల్యూట్ వైపు చూస్తుంటుంది. రెజల్యూట్‌లో ఒంటరిగా నిలబడ్డ మగమనిషి గ్రీస్ ఫియోర్డ్ వైపు చూస్తుంటాడు.